ముందే తెలియడం వేరు, ముందే రాసిపెట్టడం వేరు: దేవుని పూర్వజ్ఞానం, మనిషి స్వేచ్ఛపై అపోహలు - వాస్తవాలు

ఆదరణ కూడికలో, చాప మీద కూర్చున్న తల్లి పక్కకు ఎవరో ఒకరు జరిగి భుజం మీద చెయ్యి వేస్తారు. "ఊరుకో అమ్మా, దేవుడు ముందే అలా రాసిపెట్టాడు. మన చేతిలో ఏముంది?" అంటారు. ఇరవై రెండేళ్లుగా సంఘ కాపరిగా ఉన్నాను. ఈ మాట వినపడని చావు ఇల్లు నాకు గుర్తు లేదు. చెప్పేవారి మనసులో ప్రేమే ఉంటుంది. అయినా విన్న ప్రతిసారీ నా గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే ఆ రాత్రి నిద్ర పట్టక ఆ తల్లి ఆ మాటను చివరిదాకా ఆలోచిస్తుంది. రాసింది దేవుడే అయితే నా బిడ్డను నా దగ్గర నుంచి లాక్కున్న చెయ్యి ఎవరిది అనే చోటికి చేరుకుంటుంది.

పరిచర్య మొదలుపెట్టిన తొలి ఏడాదిలో నేను కూడా ఒక ఇంట్లో అదే మాట అన్నాను. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. తాగి లారీ నడిపినవాడి కింద పడి చనిపోయాడు. నా మాట పూర్తిగా విన్న తరువాత తండ్రి నెమ్మదిగా అడిగాడు: "అయితే అయ్యగారూ, ఆ డ్రైవరును పోలీసులు ఎందుకు పట్టుకుపోయారు? వాడు చేసింది దేవుడు రాసిన పనే కదా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నే నన్ను మళ్లీ పుస్తకాల దగ్గరికి పంపింది. ఇప్పుడు సంఘ బాధ్యతలతో పాటు వారానికి రెండు రోజులు బైబిల్ కళాశాలలో క్రమబద్ధ వేదాంతం బోధిస్తున్నాను. పూర్వజ్ఞానం పాఠం వచ్చేసరికి ప్రతి కొత్త తరగతిలోనూ దాదాపు అవే అపోహలు ఎదురవుతాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: దేవునికి ముందే తెలుసు కాబట్టి నేను అలా చేయక తప్పదు.

మిగిలిన పొరపాట్లన్నీ ఈ ఒక్క మాటలో నుంచే పుడతాయి. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఈ ముడి విప్పడానికి మన తెలుగు క్రియాపదాలే సాయపడతాయి. "ఆమె రేపు ఉద్యోగానికి రాజీనామా చేస్తుంది" అనడం వేరు. "ఆమె రాజీనామా చేయక తప్పదు" అనడం వేరు. మొదటి వాక్యం ఏం జరుగుతుందో చెబుతుంది. రెండోది ఆమెకు వేరే దారి లేదని చెబుతుంది. దేవునికి తెలిసినది మొదటిది. ఆయనకు తెలిసినది తప్పు కావడానికి వీలు లేదు కాబట్టి ఆమె రాజీనామా చేస్తుంది, నిజమే. అయితే ఆ "వీలు లేదు" అన్నది ఆయన జ్ఞానానికి చెందిన మాట. దాన్ని అక్కడి నుంచి తీసి ఆమె చేతులకు సంకెళ్లలా వేస్తున్నాం. పొరపాటు జరుగుతున్నది అక్కడే.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన సంఘ పితరుడు అగస్టీన్ తన మిత్రుడు ఎవోదియస్‌తో జరిపిన సంభాషణ రూపంలో స్వేచ్ఛాచిత్తం మీద ఒక గ్రంథం రాశాడు. 388 ప్రాంతంలో మొదలుపెట్టి కొన్నేళ్లకు ముగించాడు. అందులో ఆయన జ్ఞాపకాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు. నిన్న మీరు చేసిన పని నాకు గుర్తుంది. నాకు గుర్తున్నందువల్ల మీరు ఆ పని చేయలేదు. మీరు చేశారు కాబట్టి నాకు గుర్తుంది. జ్ఞాపకం గతాన్ని బలవంతం చేయనట్టే, పూర్వజ్ఞానం భవిష్యత్తును బలవంతం చేయదు. ఆయన కంటే ముందే, మూడో శతాబ్దంలో, అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ ఇదే మాట మరింత సూటిగా అన్నాడు. ముందుగా చెప్పినందువల్ల సంగతి జరగదు, జరగబోయేది కాబట్టే ముందుగా చెప్పడం సాధ్యమైంది అని ఆయన వాదన.

మన ప్రసంగాలలో తరచుగా గ్రహణం ఉదాహరణ వినిపిస్తుంది. పంచాంగంలో రాసినందుకు గ్రహణం పట్టదు, పట్టేది కాబట్టే పంచాంగంలో రాశారు అంటారు. ఇది సగం దూరమే తీసుకువెళుతుంది. గ్రహణానికి చిత్తం లేదు, లెక్క కడితే తేలిపోతుంది. ఈ ఉదాహరణ విన్నవారు దేవుడు మనల్ని కూడా అలాగే లెక్క కట్టి తెలుసుకుంటాడని అనుకునే ప్రమాదం ఉంది. లెక్కకు అందేది యంత్రం. దేవునికి తెలిసినది యంత్రం కదలిక కాదు, ఒక మనిషి తనంతట తాను చేసుకునే నిర్ణయం. క్రీస్తుకు పూర్వపు రోమన్ తత్వవేత్త సిసెరోకు జవాబు చెబుతూ అగస్టీన్ పట్టుకున్న అంశం సరిగ్గా ఇదే. మనిషి స్వేచ్ఛను కాపాడటానికి సిసెరో దైవిక పూర్వజ్ఞానాన్నే కాదన్నాడు. అగస్టీన్ రెండింటినీ వదలలేదు. దేవునికి ముందుగా తెలిసిన వాటిలో మన చిత్తం కూడా ఉంది కదా, చిత్తంగా ఆయనకు తెలిసినది చిత్తం కాకుండా ఎలా పోతుంది అని అడిగాడు. నా విద్యార్థులకు గ్రహణం ఉదాహరణ వద్దని, ఈ ప్రశ్ననే పట్టుకోమని చెబుతాను.

అయినా ఒక పదునైన ఆక్షేపణ మిగిలే ఉంటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1965లో నెల్సన్ పైక్ అనే అమెరికన్ తత్వవేత్త దాన్ని స్పష్టంగా పేర్చాడు. జోన్స్ అనే వ్యక్తి శనివారం తన ఇంటి ముందు గడ్డి కోస్తాడని దేవునికి ఎనభై ఏళ్ల ముందే తెలుసు అనుకుందాం. ఆ ఎనభై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడు గతం. గతాన్ని ఎవరూ మార్చలేరు. దేవుడు పొరబడడు. మరి శనివారం నాడు జోన్స్‌కు గడ్డి కోయకుండా ఉండే వీలు ఎక్కడుంది?

దీనికి సంఘ చరిత్రలో రెండు గట్టి జవాబులు ఉన్నాయి. ఒకటి, మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్న ఒక ఖైదీ రాసినది. రోమ్‌లో ఉన్నత పదవి నిర్వహించిన బోయెతియస్ రాజద్రోహం నేరం మోపబడి, 524 ప్రాంతంలో చంపబడ్డాడు. చావుకు ముందు చెరలో రాసిన గ్రంథం చివరి భాగంలో ఆయన పట్టుకున్న ప్రశ్న ఇదే. దేవుని నిత్యత్వం అంటే చాలా పొడవైన కాలం కాదు, అంతులేని జీవితం అంతా ఒక్కసారిగా, పూర్తిగా ఆయన స్వాధీనంలో ఉండటం అన్నాడు. అలాంటప్పుడు దేవునికి "ఎనభై ఏళ్ల ముందు" అనేదే ఉండదు. ఆయన ముందుగా చూడటం లేదు, చూస్తున్నాడు. ఎదుట నడుస్తున్న మనిషిని మనం చూస్తున్నామంటే అతడు నడవక తప్పని స్థితిలో ఉన్నాడని కాదు కదా. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని కొండ మీద నుంచి దారినంతా ఒకేసారి చూసే మనిషితో పోల్చాడు. దారిలో నడిచేవాడికి వెనుక వచ్చేవారు కనబడరు. కొండ మీద ఉన్నవాడికి అందరూ కనబడతారు. తిరుమల మెట్లు ఎక్కేవారిని గాలిగోపురం దగ్గర నుంచి చూసినా, సువార్త కూటాలకు వచ్చే జనాన్ని మేడ మీద నుంచి చూసినా ఈ పోలిక మనకు సులువుగానే అందుతుంది.

రెండో జవాబు 14వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం ఆఫ్ ఓకమ్ దారిలో వచ్చింది. అన్ని గత సంగతులూ ఒకే రకంగా గట్టిపడి ఉండవు. "ఫలానా రోజున వాన కురిసింది" అన్నది పూర్తిగా గతం. "జోన్స్ శనివారం గడ్డి కోస్తాడని దేవునికి తెలుసు" అన్నది రూపంలో గతమే అయినా శనివారం మీద ఆనుకుని ఉంది. జోన్స్ కోయకుండా ఉంటే, కోయడన్నదే దేవునికి మొదటి నుంచి తెలిసి ఉండేది. ఆధారపడే దిశ మన నిర్ణయం నుంచి ఆయన జ్ఞానం వైపు ఉంది. నా మటుకు నాకు ఈ రెండో జవాబు ఎక్కువ తృప్తినిస్తుంది. చెరసాలలో కూర్చుని మొదటిదాన్ని రాసిన మనిషిని మాత్రం మరిచిపోలేను.

అపోహ: పూర్వజ్ఞానం, పూర్వనిర్ణయం, తలరాత అన్నీ ఒకటే.

రోమా పత్రిక 8:29 తీసి చూడండి. దేవుడు ఎవరిని "ముందు ఎరిగెనో" వారిని "ముందుగా నిర్ణయించెను" అని ఉంది. పౌలు రెండు వేర్వేరు క్రియలు వాడాడు, తెలుగు అనువాదకులు కూడా రెండు మాటలుగానే ఉంచారు. ముందు నిర్ణయించినది ఏమిటో కూడా ఆ వచనమే చెబుతుంది: తన కుమారునితో సారూప్యం గలవారు కావడం. ఎవరికి ఏ జబ్బు, ఏ ప్రమాదం, ఏ పరీక్షలో ఎన్ని మార్కులు అన్న పట్టిక కాదు.

"ఎరుగు" అనే మాటకు బైబిలులో సమాచారం తెలియడం కన్నా లోతైన అర్థం ఉంది. ఆమోసు 3:2లో దేవుడు ఇశ్రాయేలుతో, భూమి మీది సకల వంశములలోను మిమ్మును మాత్రమే ఎరిగియున్నాను అంటాడు. మిగతా జనాల సంగతి ఆయనకు తెలియదని కాదు, మిమ్మల్ని నావారిగా చేసుకున్నానని అర్థం. రోమా 8లోని "ముందు ఎరిగెను" కూడా ఇలాంటిదేనా, లేక వారి విశ్వాసాన్ని ముందుగా చూడటమా అన్న చోట, సంస్కర్త జాన్ కాల్విన్ మార్గీయులు, మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ మార్గీయులు విడిపోతారు. ఆ చర్చకు ఇంకాసేపట్లో వస్తాను.

తలరాత మాత్రం ఈ రెండింటిలో దేనికీ చెందదు. తలరాతకు ముఖం లేదు, ప్రేమ లేదు, వినే చెవి లేదు. మన నోళ్లలో నలిగిన ఆ మాటకే బాప్తిస్మం ఇచ్చి "దేవుని పూర్వజ్ఞానం" అని పిలుచుకుంటున్నామని నాకు అనిపిస్తుంది. దీన్ని పొరుగు మతాల మీదికి నెట్టడం కూడా సరికాదు. దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) రెండూ కావాలన్న వాదన మన పురాణేతిహాసాలలో ఎంత బలంగా ఉందో చదివినవారికి తెలుసు. తలరాత మీద భారం వేయడం ఒక మతానికి చెందిన జబ్బు కాదు, బాధ తట్టుకోలేని మనుషులందరి అలవాటు.

ఆదిమ సంఘం ఎదుట కూడా ఇదే సమస్య జాతకాల రూపంలో నిలిచింది. అగస్టీన్ తన ఆత్మకథ ఏడో పుస్తకంలో ఫిర్మీనస్ అనే మిత్రుడు చెప్పిన సంగతి రాశాడు. ఫిర్మీనస్ పుట్టిన క్షణానే, తండ్రి స్నేహితుని ఇంట్లో ఒక బానిస స్త్రీకి కూడా బిడ్డ పుట్టాడు. జ్యోతిషం మీద నమ్మకం ఉన్న ఆ పెద్దలిద్దరూ ఘడియ విఘడియలతో సహా సరిచూసుకున్నారు. రెండు జాతకాలూ ఒకటే. ఫిర్మీనస్ సిరిసంపదలతో పెరిగాడు, బానిస బిడ్డ బానిసగానే ఉండిపోయాడు. అగస్టీన్‌కు జాతకాల మీద మిగిలి ఉన్న కాస్త నమ్మకం ఆ రోజుతో పోయింది. ఇప్పటికీ పెళ్లికి ముందు చాటుగా ముహూర్తం చూపించుకుని వచ్చే విశ్వాసుల కుటుంబాలు నాకు తెలుసు. వారిని మందలించను. ఈ కథ చెబుతాను.

అపోహ: యూదా ఇస్కరియోతు చేసేదేముంది? ప్రవచనం నెరవేరాలి కదా.

యేసును శత్రువులకు అప్పగించిన శిష్యుడు యూదా గురించి యువకుల కూడికలలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొత్తదేమీ కాదు. క్రైస్తవ్యాన్ని విమర్శిస్తూ రెండో శతాబ్దంలో సెల్సస్ వేసిన ఆక్షేపణల్లో ఇది ఒకటి. దేవుడై ఉండి ముందే చెప్పాడు కాబట్టి అది జరగక తప్పలేదు, అంటే తన శిష్యులను ఆయనే ద్రోహులుగా చేశాడు అని సెల్సస్ అన్నాడు. ఓరిజెన్ పైన చెప్పిన జవాబు రాసింది ఈ సందర్భంలోనే.

వాక్యం తనంతట తాను ఏం చెబుతుందో చూద్దాం. మత్తయి 26:24లో రెండు సంగతులు ఒకే ఊపిరిలో ఉన్నాయి. మనుష్యకుమారుడు తనను గురించి రాయబడిన ప్రకారమే పోతున్నాడు. అయినా ఆయనను అప్పగించేవానికి శ్రమ. బొమ్మను ఆడించి, ఆడినందుకు బొమ్మను నిందించేవాడు మాట్లాడే తీరు ఇది కాదు. పెంతెకొస్తు దినాన పేతురు కూడా అలాగే మాట్లాడాడు. "దేవుడు నిశ్చయించిన సంకల్పమును ఆయన భవిష్యద్‌జ్ఞానమును" అన్న నోటితోనే, ఆ వాక్యం పూర్తికాకముందే, "మీరు" చంపించారు అన్నాడు.

నేను ఎప్పుడూ విద్యార్థులను పేతురు వైపు తిప్పుతాను. అదే రాత్రి, అదే బల్ల దగ్గర, యేసు ఇద్దరి సంగతి ముందే చెప్పాడు. ఒకరు అప్పగిస్తాడని, ఒకరు కోడి కూయకముందే మూడుసార్లు ఎరుగనంటాడని. యూదాను కీలుబొమ్మ అనేవారు పేతురును ఎందుకు అనరు? పేతురు బొంకు కూడా ముందే తెలిసిందే. కానీ పేతురు వెలుపలికి పోయి ఏడ్చాడు. "నువ్వు ముందే చెప్పావు కదా ప్రభూ, నేనేం చేయను" అనలేదు. ఇంకొకటి గమనించండి. లూకా 22:32లో యేసు, నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నీ కోసం వేడుకున్నానంటాడు. జరగబోయేది తెలిసినవాడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ప్రార్థించాడు.

అపోహ: ఫరో హృదయాన్ని దేవుడే కఠినపరిచాడు, పాపం ఫరో ఏం చేస్తాడు?

ఇశ్రాయేలు జనాన్ని విడిచిపెట్టని ఐగుప్తు రాజు ఫరో కథ ఉన్న నిర్గమకాండాన్ని ఒక్క ఉదయం కూర్చుని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివితే చాలు. కఠినపరచబోతున్నానని దేవుడు ముందే మోషేకు చెప్పిన మాట నిజం. కానీ తెగుళ్లు మొదలైన తరువాత కథనం ఎలా నడుస్తుందో చూడండి. కప్పల తరువాత ఫరో తన హృదయాన్ని తానే కఠినం చేసుకున్నాడు. ఈగల తరువాత మళ్లీ తానే. మిగిలిన చోట్ల అతని హృదయం కఠినమైందని మాత్రమే ఉంటుంది. తెగుళ్ల వరుసలో "యెహోవా కఠినపరచెను" అని సూటిగా కనిపించేది ఆరో తెగులైన దద్దుర్ల దగ్గర. ఆ తరువాత వడగండ్లు ఆగినప్పుడు మళ్లీ ఫరోయే పాపం చేశాడని ఉంది. ఉపశమనం దొరికిన ప్రతిసారీ మాట తప్పిన మనిషి అతను. తాను ఎంచుకున్న దారిలోనే దేవుడు అతణ్ణి బిగించాడని చదివేవారు సంఘంలో చాలామంది. రోమా 9ని ఆధారం చేసుకుని దేవుని నిర్ణయమే మొదటిదని చదివేవారూ ఉన్నారు. ఏ పక్షమైనా ఫరోను నిర్దోషి అనదు.

అపోహ: కాల్విన్ స్వేచ్ఛ లేదన్నాడు, వెస్లీ దేవుని సార్వభౌమత్వం లేదన్నాడు, ఎవరో ఒకరు దుర్బోధకులు.

ఫోనులో తిరిగే వాక్య వీడియోలు ఈ అపోహను బాగా పెంచాయి. అందుకే చరిత్ర కొంచెం చెప్పాలి.

మనిషి చిత్తం గురించి పెద్ద తగాదా ఐదో శతాబ్దంలో పెలాగియస్ అనే బోధకుడితో వచ్చింది. కృప సాయం లేకుండానే మనిషి తన బలంతో దేవుని ఆజ్ఞలు పాటించగలడన్న బోధను 418లో కార్తేజి మహాసభ ఖండించింది. అయితే 529లో గాల్ దేశంలోని ఆరెంజ్‌లో కూడిన సభ రెండో వైపు కూడా కంచె వేసింది. కృప లేకుండా ఎవరూ విశ్వాసానికి రాలేరని చెబుతూనే, దేవుడు కొందరిని చెడుతనానికి నిర్ణయించాడని నమ్మేవారిని శపించింది. తలరాత బోధకు సంఘం తలుపు ఎంత ముందుగా మూసిందో దీన్నిబట్టి తెలుస్తుంది. తూర్పు సంఘాలలో ఎనిమిదో శతాబ్దపు డమాస్కస్ యోహాను, దేవునికి అన్నీ ముందే తెలుసు గానీ అన్నిటినీ ఆయన ముందే నిర్ణయించడు అని రాశాడు.

1524లో ఎరాస్మస్ అనే పండితుడు స్వేచ్ఛాచిత్తాన్ని సమర్థిస్తూ రాస్తే, 1525లో సంస్కర్త మార్టిన్ లూథర్ మన చిత్తం బందీగా ఉందని జవాబు రాశాడు. లూథర్ మాటను చాలామంది తప్పుగా వింటారు. ఏ చొక్కా తొడుక్కోవాలో, ఎవరిని పెళ్లి చేసుకోవాలో ఎంచుకునే శక్తి మనకు లేదని కాదు ఆయన అన్నది. పాపంలో ఉన్న మనిషి తనంతట తాను దేవుని వైపు తిరగలేడన్నాడు. ఆ ప్రశ్న వేరు, పూర్వజ్ఞానం ప్రశ్న వేరు. రెండింటినీ కలిపేయడం వల్ల ఎన్నో వాదనలు వృథాగా పోతున్నాయి.

కాల్విన్ మార్గీయుల పూర్వనిర్ణయ బోధను ప్రశ్నించిన వేదాంతి అర్మీనియస్ హాలండ్‌లో 1609లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన అనుచరులు ఐదు అంశాలతో విన్నపం పెట్టారు. 1618-19లో డార్ట్ మహాసభ వాటిని తోసిపుచ్చింది. కాల్విన్ మార్గీయుల ప్రసిద్ధ విశ్వాస ప్రమాణం 1646లో వెస్ట్‌మినిస్టర్‌లో సిద్ధమైంది. దాని మూడో అధ్యాయం, జరిగేదంతా దేవుడు నిత్యత్వం నుంచి నియమించాడని చెబుతుంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ వాక్యం ఇంకా ముగియలేదు. అందువల్ల దేవుడు పాపానికి కర్త కాడనీ, ప్రాణుల చిత్తం మీద బలాత్కారం జరగదనీ చెప్పిన తరువాతే అది ముగుస్తుంది. అది ఎలా పొసగుతుందో వారు వివరించిన తీరు మీకు నచ్చకపోవచ్చు. నాకు కూడా పూర్తిగా నచ్చదు. కానీ వారు స్వేచ్ఛను కొట్టివేశారని చెప్పడం అబద్ధ సాక్ష్యం.

కథోలికులలోనూ ఇదే తర్జనభర్జన నడిచింది. 1588లో లిస్బన్‌లో యేసు సభ (జెస్యూట్) గురువు లూయిస్ దె మొలీనా "మధ్యమ జ్ఞానం" అనే ఆలోచనను ప్రచురించాడు. జరిగేది మాత్రమే కాదు, ఏ పరిస్థితిలో ఏ మనిషి స్వేచ్ఛగా ఏం చేస్తాడో కూడా దేవునికి తెలుసు అన్నది దాని సారం. దీనికి 1 సమూయేలు 23లోని కెయీలా ఘటన చక్కటి ఆధారం. తనను వెంటాడుతున్న సౌలు రాజు ఈ కెయీలా ఊరికి వస్తాడా అని దావీదు దేవుణ్ణి అడిగాడు, వస్తాడు అని జవాబు. ఈ ఊరివారు నన్ను అప్పగిస్తారా అంటే, అప్పగిస్తారు అని జవాబు. దావీదు తన మనుషులతో ఊరు విడిచి వెళ్లాడు. సౌలు రాలేదు, ఎవరూ ఎవరినీ అప్పగించలేదు. దేవుడు చెప్పినది అబద్ధం కాలేదు, దావీదు కాళ్లు కట్టేయబడలేదు. మొలీనా బోధ మీద దొమినికన్లు, యేసు సభవారు రోమ్‌లో 1598 నుంచి 1607 వరకు వాదించుకున్నారు. చివరికి పోపు ఐదో పౌలు ఎవరి పక్షమూ తీర్పు చెప్పకుండా, ఒకరినొకరు దుర్బోధకులనుకోవద్దని పంపించాడు.

వెస్లీ 1739లో బ్రిస్టల్‌లో పూర్వనిర్ణయ బోధకు వ్యతిరేకంగా గట్టిగా ప్రసంగించాడు. ఆ బోధను నమ్మిన ఆయన ప్రాణమిత్రుడు, ప్రసంగీకుడు వైట్‌ఫీల్డ్ బహిరంగ లేఖతో జవాబిచ్చాడు. దారులు వేరయ్యాయి. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోయినప్పుడు, లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. మన తెలుగు నేల మీదికి ఈ వారసత్వాలన్నీ వచ్చాయి. గుంటూరుకు 1842లో లూథరన్లు, మెదక్‌కు వెస్లియన్లు, నెల్లూరు ఒంగోలు ప్రాంతాలకు బాప్టిస్టులు వచ్చారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లీ వారసులు, కాల్విన్ వారసులు, ఆంగ్లికన్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ ప్రశ్న మీద ఏకాభిప్రాయం వచ్చేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు.

అపోహ: నీనెవెను నాశనం చేస్తానని చేయలేదు, కాబట్టి భవిష్యత్తు దేవునికీ తెలియదు.

1994లో కొందరు ఇవాంజెలికల్ పండితులు కలిసి వెలువరించిన ఒక పుస్తకంతో, భవిష్యత్తులోని స్వేచ్ఛా నిర్ణయాలు ఇంకా లేవు కాబట్టి అవి దేవునికి తెలిసే సంగతులే కావన్న వాదం బలం పుంజుకుంది. దాన్ని తేలికగా తీసుకోను. దేవుడు నిజంగా స్పందిస్తాడు, నిజంగా దుఃఖపడతాడు అని గుర్తుచేసినందుకు వారికి కృతజ్ఞుణ్ణి. కానీ యోనా ప్రవక్త హెచ్చరిక విని మారుమనస్సు పొందిన నీనెవె పట్టణం దానికి సాక్ష్యం కాదు. యిర్మీయా 18లో కుమ్మరి ఇంటి దగ్గర దేవుడు తన హెచ్చరికల నియమం చెప్పాడు. నేను కీడు చేస్తానన్న జనం తన చెడుతనం మానితే ఆ కీడు చేయను అని. యోనాకు కూడా ఇది తెలుసు. పారిపోయింది అందుకే కదా.

అపోహ: దేవునికి అన్నీ ముందే తెలుసు, ఇక ప్రార్థన ఎందుకు, ప్రయత్నం ఎందుకు?

మత్తయి 6:8లో, మీరు అడగకముందే మీకు ఏమి అక్కరో మీ తండ్రికి తెలుసు అని యేసు చెప్పాడు. మన తర్కం ప్రకారం తరువాతి వాక్యం "కాబట్టి అడగనక్కరలేదు" అని ఉండాలి. తొమ్మిదో వచనం ఏ మాటతో మొదలవుతుందో చూడండి: "కాబట్టి మీరీలాగు ప్రార్థన చేయుడి." తెలిసిన తండ్రి కాబట్టే పిల్లలు నోరు తెరవగలరు.

ప్రయత్నం సంగతికి వస్తే, అపొస్తలుల కార్యములు 27 కన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. మన కోస్తావారికి ఈ అధ్యాయం మరీ దగ్గరగా ఉంటుంది. వేటకు వెళ్లే కుటుంబాల మధ్య దీన్ని చదివినప్పుడు వారు నాకు తాళ్ల గురించి, లంగరు గురించి ఎన్నో సంగతులు చెప్పారు. ఖైదీగా పౌలును రోమ్‌కు తీసుకువెళ్తున్న ఓడలో 276 మంది. తుఫాను ఎన్నో రోజులుగా వదలడం లేదు. ఓడకే గాని మీలో ఎవరి ప్రాణానికీ హాని కలగదని దేవదూత ద్వారా పౌలుకు మాట వచ్చింది. ఫలితం ముందే తెలిసిపోయింది. పద్నాలుగో రాత్రి ఓడవారు, ముందు వైపు లంగరులు వేస్తున్నట్టు నటిస్తూ, చిన్న పడవను దింపి పారిపోబోయారు. అప్పుడు పౌలు శతాధిపతితో, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. సైనికులు తాళ్లు కోసి పడవను వదిలేశారు. తెల్లవారుతుండగా పౌలు అందరిచేతా భోజనం చేయించాడు. ఈత వచ్చినవారు ఈది, రానివారు పలకల మీద తేలుతూ, అందరూ మెలితే (మాల్టా) ద్వీపం ఒడ్డుకు చేరారు.

అందరూ బతుకుతారన్న మాట, వీరు ఉంటేనే బతుకుతారన్న మాట పౌలు మనసులో పోట్లాడుకోలేదు. దేవునికి ముందే తెలిసిన ఫలితంలో ఆ తాళ్లు కోయడం, ఆ రొట్టె, ఆ ఈత కూడా ఉన్నాయి. షుగరు మాత్రలు మానేసి "దేవునికి తెలుసులే" అనే పెద్దవారికి, చదవకుండా ఉపవాసం ఉండే ఇంటర్ పిల్లలకు నేను ఈ అధ్యాయమే చదివి వినిపిస్తాను.

అపోహ: ఆదరణ కూడికలో "రాసిపెట్టాడు" అనడానికి 139వ కీర్తన ఆధారం.

ఆ కీర్తన పదహారో వచనం మన బైబిలులో, నా దినములన్నియు నీ గ్రంథములో లిఖితములాయెను అని ఉంది. హెబ్రీ మూలంలో ఆ వచనం కష్టమైనది. రాయబడినవి దినాలా, గర్భంలో రూపుదిద్దుకుంటున్న అవయవాలా అన్న చోట అనువాదాలు వేరుపడ్డాయి. దినాలే అనుకున్నా, కీర్తన మొత్తం దేని గురించి? నేను ఎక్కడికి పోయినా నీ చెయ్యి నన్ను పట్టుకుంటుందని ఒక మనిషి పొందే ఆశ్చర్యం గురించి. తల్లి గర్భంలోనే నన్ను ఎరిగిన ప్రేమ గురించి. తాగి లారీ నడిపినవాడికి క్షమాపత్రంగా దాన్ని రాయలేదు.

యేసు దగ్గరికి ఇలాంటి సంగతి వచ్చినప్పుడు ఆయన ఏమన్నాడో లూకా 13లో ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వారి పాపం ఎక్కువ అనలేదు, వారి రాత అలా ఉంది అని కూడా అనలేదు. బతికి ఉన్నవారిని మారుమనస్సు పొందమన్నాడు.

మరి ముందే తెలిసిన దేవుడు ఎందుకు ఆపలేదు? ఈ వ్యాసంలో నేను రాసినదేదీ ఆ ప్రశ్నకు జవాబు కాదు. పూర్వజ్ఞానం మనిషి స్వేచ్ఛను చంపదని నిరూపించవచ్చు. బోయెతియస్, ఓకమ్, మొలీనా ముగ్గురినీ తరగతి గదిలో వరసగా నిలబెట్టవచ్చు. పంతొమ్మిదేళ్ల బిడ్డను పూడ్చి వచ్చిన తండ్రి ముందు వారిని నిలబెట్టను. ఆ తండ్రి దగ్గరికి చాలా ఏళ్ల తరువాత మళ్లీ వెళ్లాను. అప్పుడు నేను అన్న మాట తప్పని చెప్పాను. డ్రైవరు చేసింది డ్రైవరు పాపమేనని, దేవుడు చేయించిన పని కాదని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆ రోజు దేవుడు ఏం చేస్తున్నాడు అయ్యగారూ?" అని అడిగాడు.

బైబిలు తీసి యోహాను 11 చదివాను. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు బేతనియకు రాకముందే తెలుసు, శిష్యులతో చెప్పాడు కూడా. ఇంకొన్ని నిమిషాలలో సమాధి తెరుచుకుంటుందని తెలిసి ఉండి, లాజరు సోదరి మరియ ఏడవడం చూసి ఆయన కలవరపడ్డాడు. "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న చోట నేను ఆగాను. ఆ ఇంటి ఆమె వంటగదిలో నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఆ వచనం మళ్లీ చదవండి అయ్యగారూ" అంది. మళ్లీ చదివాను.